ఒకరి దీక్ష, పది మంది వంతు

2021 ఫిబ్రవరి 12న విశాఖపట్నంలో స్టీల్ ప్లాంటుకు దగ్గర్లోని కూర్మన్నపాలెం కూడలిలో ఒక దీక్షా శిబిరం వెలిసింది. అంతకు పదహారు రోజుల ముందే, జనవరి 27న, ప్లాంటులో నూటికి నూరు శాతం వాటా వదులుకోవడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 1966 నాటి ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన కర్మాగారం అది. కార్మికులకు కడుపు మండిందంటే ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యపోవాల్సింది మరొకటి ఉంది. 2023 నవంబరుకు ఆ శిబిరానికి వెయ్యి రోజులు నిండాయి. ఎండలు పోయాయి, వానలు పోయాయి, టెంటు మాత్రం కదల్లేదు.

వెయ్యి రోజులు ఏ ఒక్క మనిషీ కూర్చోలేడు. అక్కడ కూర్చోలేదు కూడా. ఒక రోజు ఒక విభాగం కార్మికులు కూర్చుంటే మర్నాడు మరో విభాగం వాళ్లు వచ్చారు. షిఫ్టుల్లో పనిచేయడం అలవాటైన మనుషులు పోరాటాన్నీ షిఫ్టుల్లోనే నడిపారు. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అది ఉద్యమం తెచ్చిందా, రాజకీయ లెక్కలు తెచ్చాయా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నాలుగేళ్ల పాటు ఆ విషయాన్ని ఎవరూ మరిచిపోకుండా చూసింది మాత్రం ఆ టెంటే.

రిలే దీక్ష చూడని మండల కేంద్రం తెలుగు జిల్లాల్లో దాదాపు ఉండదు. తహసీల్దార్ ఆఫీసుకు ఎదురుగా షామియానా, కింద పట్టాలు, వెనక ఫ్లెక్సీ, పక్కన ‘నేటికి ఇన్నో రోజు’ అని రాసిన అట్ట. అట్ట మీది అంకె ఒక్కటే రోజూ మారుతుంది. పొద్దున్నే ఆ రోజు కూర్చునేవాళ్ల మెడలో దండలు పడతాయి. దారిన పోయేవాళ్లు కాసేపు ఆగి, సంఘీభావం చెప్పి పోతారు. సాయంత్రం ఎవరో పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇస్తారు. దీక్ష విరమించినవాళ్లు ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటారు. రేపు ఎవరెవరు కూర్చోవాలో ఆ రాత్రికే ఖాయమైపోతుంది. పొద్దున కూర్చుని సాయంత్రం లేచేది కూడా దీక్షేనా అని ఎద్దేవా చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నిజానికి మనిషికి ఒళ్లు, ఇల్లు, కూలి, పంట, పిల్లల పరీక్షలు ఉంటాయన్న సంగతి తెలిసిన పోరాట రూపం ఇదే. ప్రజా జీవితంలో నిలబడాలనుకుంటూ ఏడాది తిరగకముందే డస్సిపోతున్న వాళ్లందరూ దీని దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

తెలుగువాళ్ల మనసులో గట్టిగా నాటుకున్నది మాత్రం మరో దీక్ష. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. 58 రోజుల తర్వాత, డిసెంబరు 15న కన్నుమూశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ త్యాగాన్ని తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ త్యాగం తెలియకుండానే ఒక కొలబద్దగా మారిపోయింది. సర్వం ధారపోసినవాడే అసలైన కార్యకర్త, సగంలో ఇంటికి పోయేవాడు పిరికివాడు అన్న తీర్పు మన మాటల్లో, పాటల్లో, సభల్లో పాతుకుపోయింది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఎందరో యువకులు తమ ప్రాణాలు తామే తీసుకున్నప్పుడు, బతికి కొట్లాడదామని ఉద్యమ నాయకులే సభల్లో వేడుకోవాల్సి వచ్చింది. ప్రాణం పెట్టడమే గొప్ప అని పొగిడే సమాజం, రోజుకో గంట పెట్టి ఇరవై ఏళ్లు పనిచేసేవాణ్ని ఎప్పటికీ గుర్తించదు.

అదే తెలంగాణ ఉద్యమంలో రెండో దారీ కనిపిస్తుంది. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటుపై 2009 డిసెంబరు 9న కేంద్రం చేసిన ప్రకటన ఆ నెల 23న వెనక్కి పోయాక, ఊరూరా, కులానికొకటి, వృత్తికొకటి చొప్పున ఐక్య కార్యాచరణ సమితులు, అంటే జేఏసీలు పుట్టుకొచ్చాయి. లాయర్లకొక జేఏసీ, ఉద్యోగులకొకటి, విద్యార్థులకొకటి. ఎవరి శిబిరం వారిది, ఎవరి రోజు వారిది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ‘వంటా వార్పు’ అంటూ నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ కూర్చుని తిన్నారు. నిరసనకు వచ్చిన మనిషి కడుపు నిండా తిని, నలుగురితో నవ్వి, ఇంటికి పోయే పద్ధతి అది. రాష్ట్రం రావడానికి మరో మూడేళ్లు పట్టింది. అన్నాళ్లు జనం చెదరకుండా ఉండటంలో ఆ పొయ్యిలకు చాలా పాత్ర ఉంది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతి ఇంకా కఠినమైనది. బీల చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కడతామంటే రైతులు, మత్స్యకారులు 2009 డిసెంబరులో రిలే దీక్షలకు దిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. గెలిచామనుకుని టెంటు పీకేయడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. వాళ్లు పీకలేదు. భూములు కేటాయించిన జీవో ఇంకా బతికే ఉంది మరి. 2015లో అది రద్దయ్యే దాకా దీక్షలు సాగాయి. చేపల వేట ఆగలేదు, వరి నాట్లూ ఆగలేదు. ఎవరి రోజు వచ్చినప్పుడు వాళ్లు వచ్చి కూర్చున్నారు.

ఇప్పుడు పట్టణాల్లోకి వద్దాం. ప్రతి కాలనీలో ఒక మనిషి ఉంటాడు. మురుగు కాలువ పొంగితే మున్సిపల్ ఆఫీసుకు మొదట పోయినవాడు ఆయనే. పని జరిగింది కాబట్టి వీధి దీపాల సంగతీ ఆయనకే చెప్పారు. తర్వాత కుక్కల సమస్య, పార్కు స్థలం కబ్జా, నీళ్ల ట్యాంకర్. వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి ఫొటో పడుతుంది, కింద ‘సార్, మీరే చూడాలి’ అని ఒక దండం బొమ్మ. ఆయన చూస్తాడు. ఇంట్లో గొణుగుడు మొదలవుతుంది. కార్పొరేటర్ మనుషులు కాస్త బెదిరిస్తారు. ఏదైనా పని కాకపోతే అదే గ్రూపులో ఆయన నిజాయితీ మీదే ఎవరో ఒక మాట విసురుతారు. ఒక రోజు ఆయన గ్రూపులోంచి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఏ సభకూ రాడు, ఏ అర్జీ మీదా సంతకం పెట్టడు. ‘ఈ దేశం ఇంతే’ అంటాడు.

ఆ మాట దగ్గర ఆగాలి, అది అలసట పలికించిన మాట. న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు పగలంతా తన ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రాలు ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసేవాడు. అక్కడికి ఇష్టంగా సేవ చేయడానికి వచ్చినవాళ్లు కొన్నాళ్లకే కాలి బూడిదైనట్టు అయిపోవడం గమనించాడు. తనకూ అదే జరిగింది. ఈ బర్నౌట్ గురించి ఆయన 1974లో రాసిన వ్యాసమే ఆ తర్వాతి పరిశోధనలన్నిటికీ మొదలు. అంటే ఈ జబ్బును మొదట పసిగట్టింది ఐటీ కంపెనీల్లో కాదు, సేవకు ముందుకొచ్చిన మనుషుల్లో. ఎవరికి పని మీద ఎక్కువ నిష్ఠ ఉంటుందో వాళ్లే ముందు పడిపోతారని కూడా ఆయన గుర్తించాడు. తర్వాత క్రిస్టీనా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త దీనికి మూడు లక్షణాలు చెప్పింది. ఒళ్లూ మనసూ హూనమైపోవడం, ఎవరి కోసం పనిచేస్తున్నామో ఆ మనుషుల మీదే విరక్తి పుట్టడం, తన వల్ల ఏమీ కాదన్న నమ్మకం కుదరడం. కాలనీ పెద్దాయన నోటి నుంచి వచ్చిన ‘ఈ దేశం ఇంతే’లో ఆ మూడూ ఉన్నాయి. దాన్ని ఆయన స్వభావ లోపంగా చూడటం అన్యాయం. అది ఆ కాలనీ మొత్తం కలిసి ఆయనకు చేసిన గాయం.

అయితే కాలనీ ఒక్కటే దోషి కాదు. పౌరుడు అలసిపోవడం కొన్ని ఆఫీసులకు చాలా అనుకూలం. ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’, ‘ఫైలు పైకి పంపాం’, ‘సోమవారం రండి’ అని ఎన్నిసార్లు చెబితే మనిషి రావడం మానేస్తాడో అనుభవం మీద తెలిసిన గుమాస్తాలు ఉంటారు. సమాచార హక్కు చట్టం కథే చూడండి. 2005లో వచ్చిన ఆ చట్టం కింద అర్జీ పెట్టడం చాలా తేలిక. తెలుగు రాష్ట్రాల నిబంధనల్లో గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజుల గడువు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కానీ తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఆ కమిషన్‌లో కమిషనర్లే లేరు. రెండేళ్లకు పైగా అప్పీళ్లు వినే నాథుడు లేడు. ఆ అర్జీదారుల్లో ఎంతమంది ఇక చాలనుకుని ఊరుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఒక కుర్చీని ఖాళీగా ఉంచితే చాలు, వందల గొంతులు వాటంతటవే తగ్గిపోతాయి. అందుకే అలసిపోకుండా ఉండటాన్ని ఎవరి ఆరోగ్యం వాళ్లు చూసుకునే సొంత వ్యవహారంగా చూడకూడదు. అది రాజకీయ నైపుణ్యం. నేర్చుకోవాలి, నేర్పాలి.

సమాచార హక్కు చట్టంలోనే విశ్రాంతికి చోటు ఉంది, దాన్ని వాడుకునేవాళ్లే తక్కువ. అర్జీ ఇచ్చి రశీదు తీసుకున్నాక, 30వ రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే ఆలోపు ఆ సంగతి పూర్తిగా పక్కన పెట్టేయవచ్చు. రోజూ ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు, రాత్రిళ్లు దాని గురించి ఆలోచించనక్కర్లేదు. ఒక చెరువు మీద పది ప్రశ్నలుంటే పది మంది తలా ఒక అర్జీ పెట్టవచ్చు. శ్రమ తగ్గడం ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం రక్షణ. ఒకే పేరు అన్ని కాగితాల మీదా కనిపిస్తే కక్ష కట్టేవాడికి దారి సులువవుతుంది. సమాచారం అడిగిన పాపానికి దెబ్బలు తిన్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఈ దేశంలో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా అడిగినవాళ్లే.

పనిని పంచుకుని, దానికి ఒక పద్ధతి ఏర్పరచిన గొప్ప ప్రయోగం ఒకటి మన గడ్డ మీదే జరిగింది. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరిపించాలంది. దాన్ని కాగితం మీదే వదిలేయకుండా 2006లో రాజస్థాన్‌కు చెందిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ సాయంతో అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. 2009లో దీని కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలీల కుటుంబాల నుంచి చదువుకున్న కుర్రాళ్లను, అమ్మాయిలను ఎంచి, శిక్షణ ఇచ్చి, వాళ్ల సొంత ఊరు కాకుండా వేరే ఊరికి పంపేవారు. సొంత ఊళ్లో మేస్త్రీ పేరు బయటపెట్టి అదే వీధిలో బతకాల్సిన బాధ వాళ్లకు లేకుండా పోయింది.

పని తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కూలీల హాజరు పట్టీ, అంటే మస్టర్ రోల్ నకళ్లు పట్టుకుని ఇంటింటికీ పోవాలి. అరుగు మీద కూర్చుని పేరు చదవాలి, ఫలానా వారం ఫలానా కాలువ పనికి ఇన్ని రోజులు పోయినట్టు ఇందులో ఉంది, నిజమేనా అని అడగాలి. ‘ల్యా నాయనా, అప్పుడు నేను మా కూతురు కాన్పుకు పోయింటి’ అని ఒకామె అంటుంది. ఆ మాట రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. పక్క ఇంట్లో ఎప్పుడో చనిపోయిన మనిషి పేరుతో కూలి పడి ఉంటుంది. మరో ఇంటికి తాళం, ఇంటివాళ్లు బెంగుళూరుకు వలస పోయారు, మస్టర్‌లో మాత్రం హాజరు. అన్నీ పోగేసి గ్రామసభలో చదువుతారు, ఆపైన మండలంలో ప్రజావేదిక మీద అధికారుల ఎదుట మళ్లీ చదువుతారు. అక్కడితో ఆ బృందం పని పూర్తి. చేసిన పనికి వాళ్లకు డబ్బు అందుతుంది, మొదలూ చివరా తెలుసు, పక్కన తోడుంది. తేల్చిన అక్రమాల సొమ్ములో వసూలైంది కొంతే. ఆ లోటు సర్కారు ఖాతాలోది. ఏళ్ల తరబడి ఆ తనిఖీ ఆగకుండా నడిచిందంటే కారణం, అది ఏ ఒక్క వీరుడి మీదా ఆధారపడలేదు.

బరువును ఎంత పలచగా పంచవచ్చో నల్లగొండ 1996లోనే చూపింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాలకు తరాల ఎముకలు వంగిపోతుంటే, జలసాధన సమితి పిలుపు మీద ఆ లోక్‌సభ స్థానానికి కుప్పలుగా నామినేషన్లు పడ్డాయి. చివరికి 480 మంది బరిలో మిగిలారు. ఒక్కొక్కరి వంతుకు వచ్చింది ఒక నామినేషన్ పత్రం, 500 రూపాయల డిపాజిట్. ఆ డిపాజిట్లు దాదాపు అన్నీ పోయాయి. కానీ మునుగోడు, మర్రిగూడ పేర్లు ఎన్నడూ వినని దేశం ఆ జిల్లా నీళ్ల గురించి మాట్లాడింది. ప్రభుత్వం చేసిన మొదటి పని లోక్‌సభ డిపాజిట్‌ను 10,000 రూపాయలకు పెంచడం! అయినా 2019లో నిజామాబాద్ రైతులు అదే దారి పట్టారు. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి అంటూ 170 మందికి పైగా రైతులు తలా 25,000 రూపాయలు కట్టి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పోలింగ్ బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. పసుపు బోర్డు 2023 అక్టోబరులో నోటిఫై అయి, 2025 జనవరిలో మొదలైంది. బోర్డు వస్తే ధర వచ్చినట్టు కాదని ఆ రైతులకు బాగా తెలుసు. అయినా ఆ ఎన్నికలో నిలబడటానికి ఎవరూ ఆస్తి అమ్ముకోనక్కర్లేదు, ఢిల్లీ దాకా నడిచి పోనక్కర్లేదు. నామినేషన్ వేసి పొలానికి పోయారు.

కొన్ని పోరాటాలు ఇలా పలచగా పంచడానికి లొంగవు. ఏళ్ల తరబడి ఒకే విషయాన్ని పట్టుకోవాల్సినవాళ్లు ఉంటారు. కోలార్ బంగారు గనుల్లో తెలుగు సఫాయి కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్, మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లతో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను కట్టారు. మనిషి చేత మలం ఎత్తించే పాడు పని పోవాలన్నదే దాని ఏకైక లక్ష్యం. 2003లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. ‘మా రాష్ట్రంలో అలాంటి మరుగుదొడ్లే లేవు’ అని ప్రభుత్వాలు చెబుతుంటే, కార్యకర్తలు పోయి ఫొటోలు తీసి, అఫిడవిట్లు వేశారు. తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. మధ్యలో పదకొండేళ్లు. ఆ లోపే, 2010లో శంకరన్ కాలం చేశారు. సంస్థ ఆగలేదు. గమనించాల్సింది వాళ్లు పనిని ముక్కలు చేసుకున్న తీరు. 2015 డిసెంబరులో మొదలైన భీమ్ యాత్ర 125 రోజులు దేశమంతా తిరిగి, అంబేడ్కర్ జయంతికి ముందు రోజున ఢిల్లీలో ముగిసింది. ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలిసిన యాత్ర అది. అంతులేని పనిలో అంతు ఉన్న దశలు పెట్టుకుంటే తప్ప మనుషులు అన్నేళ్లు నిలబడలేరు. మురుగు కాలువల్లో కార్మికుల చావులు ఇప్పటికీ ఆగలేదు కాబట్టి వాళ్ల పని కూడా అయిపోలేదు.

ఫోన్ చేతిలో ఉన్నవాడికి ఇదంతా తలకిందులుగా కనిపిస్తుంది. పొద్దున లేవగానే మణిపూర్, టిఫిన్ వేళకు గాజా, మధ్యాహ్నం ఎక్కడో చెట్లు నరికేశారన్న వీడియో, రాత్రికి ఏదో ఊళ్లో ఘోరం. అన్నిటికీ స్పందించాలి, స్పందించకపోతే రాయి గుండె. స్పందించే కొద్దీ చేసేదేమీ లేదన్న నిస్పృహ పెరుగుతుంది. 2025 మార్చి చివర్లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద బుల్డోజర్లు కదిలినప్పుడు వారం రోజులు ఫోన్లన్నీ దాని గురించే మాట్లాడాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు లాఠీలకు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ వారం జనం చూపిన ఉద్రేకం వృథా కాలేదు, అది లేకపోతే ఆ స్టే అంత త్వరగా వచ్చేదా అన్నది అనుమానమే. కానీ స్టే తర్వాత మొదలయ్యేది వాయిదాల కాలం. అఫిడవిట్లు చదివేవాళ్లు, వాయిదా తేదీలు గుర్తుంచుకునేవాళ్లు, విద్యార్థుల మీద పెట్టిన కేసుల సంగతి చూసేవాళ్లు కావాలి. ఆ పనికి లక్ష మంది అక్కర్లేదు, పాతిక మంది చాలు. మిగతావాళ్లు నిశ్చింతగా తమ తమ ఊళ్లలో చెరువు పట్టుకోవచ్చు, బడి పట్టుకోవచ్చు, రేషన్ దుకాణం పట్టుకోవచ్చు. తన వంతు విషయాన్ని ఎంచుకున్నవాడు మిగతా వాటికి ద్రోహం చేసినట్టు కాదు. అన్నీ నెత్తిన వేసుకున్నవాడే చివరికి దేనికీ మిగలడు.

గెలుపు తర్వాత ఏం జరుగుతుందన్నది ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సాక్షరతా ఉద్యమం రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ తమ సంసారాల గురించి మాట్లాడుకున్నారు. సారా కొట్టు మూయిస్తే తప్ప కూలి డబ్బు ఇంటికి చేరదని తేల్చుకుని, మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఊరి తర్వాత ఊరు లేచింది, జిల్లాలో సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ మద్య నిషేధాన్ని ఎత్తేశారు. ఊళ్లో కొట్టుకు తాళం వేయడం ఆ ఆడవాళ్ల చేతిలో ఉంది. హైదరాబాద్‌లో ఎక్సైజు ఆదాయం లెక్కలు చూసే గదిలో వాళ్లు లేరు. గెలుపును కాపలా కాసే వంతు ఎవరిదో ముందే అనుకోకపోతే, దాన్ని ఎవరో ఒకరు చప్పుడు లేకుండా పట్టుకుపోతారు. పోరాడి గెలిచినవాళ్లు అప్పటికే నీరసించి ఉంటారు, వాళ్లనే మళ్లీ రమ్మనడం న్యాయం కాదు. కొత్తవాళ్లకు ఆ కాగితాలు, ఆ ఫోన్ నంబర్లు, ఏ అధికారి ఎప్పుడు ఏ మాటిచ్చాడన్న ఆ చరిత్ర అప్పగించాలి. కాలనీ సంఘాల్లో కార్యదర్శి మారినప్పుడు చాలాచోట్ల అప్పగించేది రబ్బరు స్టాంపు, చెక్కు బుక్కు మాత్రమే. అర్జీల ఫైలు పాత కార్యదర్శి బీరువాలోనే ఉండిపోతుంది.

దూబగుంట ఇంకొకటి కూడా చెబుతుంది. ఆడవాళ్లకు ప్రజా జీవితం ఎప్పుడూ మూడో షిఫ్టే. పగలు కూలి, సాయంత్రం వంట, ఆ తర్వాతే ఏదైనా. 2019 డిసెంబరు నుంచి రాజధాని తరలింపును వ్యతిరేకిస్తూ నాలుగేళ్లకు పైగా నడిచిన అమరావతి శిబిరాల్లో ముందు వరుసలో ఉన్నది తుళ్లూరు, మందడం పల్లెల ఆడవాళ్లే. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మె చేసినప్పుడు, అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఈ ఆడవాళ్లు శిబిరంలో ఉన్న రోజున ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారన్న ప్రశ్నను ఉద్యమ సంఘాలు తమ ఎజెండాలో రాసుకోవాలి. పిల్లల్ని ఎత్తుకుని మీటింగుకు వచ్చిన తల్లిని మెచ్చుకోవడం బాగానే ఉంటుంది, ఆ రెండు గంటలు ఆ పిల్లల్ని ఎవరు చూస్తారన్నది ముందే తేల్చడం ఇంకా బాగుంటుంది.

ప్రభుత్వాలూ చేయాల్సింది ఉంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో ప్రతి రెండు నెలలకూ గ్రామసభ పెట్టాలని ఉంది. చాలా ఊళ్లలో ఆ సభ పొద్దున పదకొండింటికి, కూలోళ్లు చేలో ఉన్నప్పుడు జరుగుతుంది. కార్యదర్శి రిజిస్టర్ సాయంత్రం ఇళ్లకు తిప్పి సంతకాలు పెట్టించుకుంటాడు. ఈ సభను రాత్రి ఏడింటికి, బడి ఆవరణలో, లైటు వేసి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. ఎజెండాను మూడు రోజుల ముందు పంచాయతీ గోడకు అంటించాలి. గత సభలో చేసిన తీర్మానాల్లో ఏవి జరిగాయో, ఏవి జరగలేదో మొదటి పది నిమిషాల్లో చదవాలి. జిల్లా కేంద్రంలో సోమవారం ప్రజావాణిలో అర్జీ పట్టుకుని నిలబడే ముసలామె ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోగొట్టుకుని వస్తుంది. అదే అర్జీ మీద ఆమెను మూడోసారి రప్పించిన అధికారి పేరు కూడా ఆ రోజు రిజిస్టర్‌లో ఎక్కాలి.